ఎర్రబావి పంపకం

గొర్రెను కోసి పంచినట్టే ఎర్రబావినీ పంచుకున్నారు. అందులో వాళ్ళకు వింతేమీ కనిపించలేదు. గోబీ ఎడారిలో పుట్టినవాడికి పంపకమంటే తెలిసింది అదొక్కటే. పెద్దకు తల, అతిథికి వెన్ను, ఆడవాళ్ళకు రొమ్ము. ఎవరూ ఉత్త చేతులతో లేవకూడదు.

ఆ వసంతంలో, అందరి మందల్నీ ఉమ్మడిగా నడిపిన సర్కారు పశువుల సంఘాన్ని ఎత్తేశారు. జిల్లా నుంచి టై కట్టుకున్న అధికారి ఒకాయన జీపులో వచ్చాడు. ఇకమీదట ఎవరిది వాళ్ళదేనని, ధర ఎంతో సర్కారు చెప్పదని, బజారే చెబుతుందని, దానికి అడ్డొచ్చేవాడు ఉండడని ఉపన్యాసం ఇచ్చాడు. ఒంటెలు, గొర్రెలు, మేకలు తేలిగ్గానే పంచుకున్నారు. చివరికి బావి మిగిలింది. రష్యావాళ్ళు తవ్విన లోతు బావి అది, తాడు అందదు. పైన డీజిల్ ఇంజను, అడుగున ఇత్తడి పంపు, చుట్టూ ఇటుక గది, బయట సిమెంటు తొట్లు.

"దీన్ని ఎవరి పేర రాయమంటారు?" అన్నాడు అధికారి.

ఒకరి పేరనా? జనం ముఖాలు చిట్లించారు. జబ్బ మాంసం డెబ్బైమంది తినాలని అక్కడి సామెత. జబ్బ ఎముక మీది మాంసాన్ని ఒక్కడే కూర్చుని తినేవాడి ముఖం కూడా చూడరు. బావి అలాంటిదేనని అందరికీ అనిపించింది. దాంతో విందుల్లో మాంసం కోసే గొంచిగ్ తాత లేచి, ఇంజను ఒకరికి, గొట్టాలు ఒకరికి, రేకులు ఒకరికి, తొట్లు ఒకరికి, తలుపు తనకు, పంపు నోర్జిన్‌కు అని పంచిపెట్టాడు. అధికారి "మీ ఇష్టం, స్వేచ్ఛ మీది" అని సంతకం చేసి జీపెక్కాడు. జబ్బ మాంసం పంచుకోవాలని అందరికీ గుర్తుంది గానీ, జబ్బ ఎముకను ముక్కలు నరికి ఎవరూ పంచరని ఆ పెద్దమనుషుల్లో ఒక్కరికీ గుర్తురాలేదు.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఆ రోజు నుంచి బావి సామానంతా జనం గుడారాల్లో ఉంది, బావిలో నీళ్ళూ ఉన్నాయి, తాగడానికి మాత్రం చుక్క లేదు. ఇంజనుతో పంపును తిప్పే బెల్టు వాటాకు వచ్చినాయన దాన్ని కోసి బూట్లకు అట్టలు వేయించుకున్నాడు. మంచి బూట్లని అందరికీ చూపించుకున్నాడు కూడా.

నోర్జిన్ తన పంపును కంబళిలో చుట్టి మంచం కింద పెట్టుకుంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె, కూతురు సెవ్జిద్ సంఘం ఒంటెలను కాసేవాళ్ళు. ఆ ఒంటెల్లో కొన్ని ఇప్పుడు వాళ్ళ సొంతం. వేసవిలో కాస్త వాన పడింది, వాగు ఒడ్డున చేత్తో తవ్వుకున్న చేతి బావులు ఊరాయి. ఎర్రబావి సంగతి ఎవరికీ పట్టలేదు. ఇంటికొచ్చినవాళ్ళు కంబళి విప్పి ఆ పచ్చటి ఇత్తడిని వేలితో టంగున కొట్టి చూస్తుంటే నోర్జిన్‌కు గర్వంగా కూడా ఉండేది.

శరత్కాలం వచ్చేసరికి చేతి బావుల్లో నీళ్ళు ఉప్పుగా, బురదగా మారాయి. చలికాలపు విడిది ఎర్రకొండ కింద. అక్కడ గాలి తగలదు, గడ్డి ఉంటుంది, పశువు వసంతందాకా బతుకుతుంది. మంచు పడ్డాక పశువులు మంచే నాకుతాయి, నీళ్ళతో పనిలేదు. మంచు పడేదాకా మాత్రం అక్కడ ఎర్రబావి తప్ప గతి లేదు. నీళ్ళు లేక విడిది వదిలిపోతే ఆ గడ్డి పోయినట్టే, గడ్డి పోతే మంద పోయినట్టే. ఆ భయంతో నోర్జిన్‌కు నిద్ర పట్టడం మానేసింది.

అలాంటప్పుడు తమ్ముడు యోందోన్ లారీ వేసుకుని వచ్చాడు.

యోందోన్‌ను పెంచింది నోర్జినే. వాడికి పళ్ళు రాకముందే తల్లి పోతే, వీపున కట్టుకుని ఒంటెపాలు పోసి పెంచింది. పెద్దయ్యాక సంఘం లారీ నడిపాడు, పంపకంలో ఆ లారీనే దక్కించుకున్నాడు. ఊరి దుకాణంలో అరలు బోసిపోయిన రోజుల్లో పిండి, టీ, కొవ్వొత్తులు తెచ్చింది ఆ లారీయే. బదులుగా జనం ఉన్ని, తోళ్ళు పట్టుకుపోయిందీ ఆ లారీయే. జనం వాణ్ణి తిట్టుకుంటూనే వాడి కోసం ఎదురుచూసేవాళ్ళు.

తమ్ముడొచ్చాడని నోర్జిన్ మాంసం ఉడికించింది. గొంచిగ్ తాత వాసన పట్టి వచ్చాడో, పని మీద వచ్చాడో తెలియదు గానీ సమయానికి వచ్చాడు. యోందోన్ పలకరింపుగా ఆయనతో నశ్యం బుడ్డీలు మార్చుకుని, ఉప్పు టీ ఒక గుక్క తాగి, చెప్పాల్సింది చెప్పేశాడు.

"అక్కా, ఎర్రబావి సామానంతా కొనేశాను. ఇంజను, గొట్టాలు, రేకులు, తొట్లు, తలుపుతో సహా. నీ మంచం కిందున్నదొక్కటే మిగిలింది."

"తలుపు కూడానా?" నోర్జిన్ గొంచిగ్ వైపు చూసింది.

"మరేం చెయ్యనమ్మా? గుడారానికి బావి తలుపు పెట్టుకుంటే, ఆ బరువు లాగలేక నడుం పట్టేసింది. పిండి బస్తా ఇస్తానన్నాడు, ఇచ్చేశా."

"అన్నీ తీసుకుని ఏం చేస్తావురా?"

"నడుపుతాను. ఇంజను బిగించి పంపు దింపుతాను. మందలొస్తాయి, తాగుతాయి. తాగినందుకు ఉన్నో, మేకపిల్లో ఇస్తారు."

"నీళ్ళకి."

"నీళ్ళకి కాదక్కా, డీజిల్‌కి. నీళ్ళు భూమివే. పైకి తెచ్చేది డీజిల్. రష్యావాళ్ళున్నన్నాళ్ళూ అది ఆకాశం నుంచి ఊడిపడుతుందనుకున్నాం. ఇప్పుడు దానికి ధరుంది. ధర లేనిదాన్ని ఎవడు చూసుకుంటాడు చెప్పు? సంఘం రోజుల్లో ఆ ఇంజనుకి సరిగ్గా నూనె పోసినవాడున్నాడా?"

"లేడు," అన్నాడు గొంచిగ్. "పోయాల్సింది నేనే."

అందరూ నవ్వారు. నోర్జిన్ మాత్రం మాట వదల్లేదు.

"బావి దగ్గర బొక్కెన ఎప్పుడూ ఉండేది. దాహంతో వచ్చినవాణ్ణి నువ్వెవరని అడిగినవాడు లేడు. దారిన పోయేవాడికి, వాడెక్కొచ్చిన ఒంటెకి ఊరికే పోస్తానని మాటియ్యి. పంపు ఇప్పుడే ఎత్తుకుపో."

"దారిన పోయేవాడికా?" యోందోన్ తొడ చరిచి నవ్వాడు. "మనలో దారిన పోనివాడెవడే అక్కా? అందరం గుడారం మడిచి తిరిగేవాళ్ళమేగా! రేపు మీ పొరుగు పగ్మా మందంతా తోలుకొచ్చి, దారిన పోతున్నా తమ్ముడూ అంటుంది. కాదనగలనా?"

ఈసారి నోర్జిన్‌కూ నవ్వొచ్చింది. వాడన్నది నిజమే. నిజమే కాబట్టి ఆమెకు మరీ కష్టంగా ఉంది. పోయడమా మానడమా అనేది తన తమ్ముడి దయ మీద ఉండే రోజు వస్తుందని ఆమె అనుకోలేదు. అడగాల్సినది అడగకుండా ఉండలేకపోయింది.

"సరిహద్దు దగ్గర పాత సామాన్లు కొనేవాళ్ళ దగ్గర ఇత్తడి ఎంత పలుకుతోందిరా?"

మాంసం కోసుకుంటున్న యోందోన్ చేతిలో కత్తి ఆగింది. "అంటే?"

"అంటే ఏముంది. పోయినసారి నీ లారీలో టెలిఫోను తీగ చుట్టలు చూశాను."

"చూశావు, అమ్మాను. మరి నువ్వు తిన్న పిండి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావ్? ఆ తీగ ఎవడిదీ కాదు."

"బావి కూడా మొన్నటిదాకా ఎవడిదీ కాదురా."

సెవ్జిద్ తల వంచుకుని గిన్నెలు సర్దింది. మేనమామ ఉండగా మేనకోడలు జబ్బ ఎముక ముట్టకూడదు, అందుకని దాన్ని మామయ్య ముందే పెట్టింది. యోందోన్ పద్ధతి తప్పలేదు. మాంసాన్ని పలచగా కోసి, ముందు గొంచిగ్‌కు, తర్వాత అక్కకు, మేనకోడలికి, చివర తనకు పెట్టుకున్నాడు. మాంసం అయ్యాక ఎముకను ఆనవాయితీ ప్రకారం కత్తి పిడితో పగలగొట్టి మరీ బయట వేశాడు. వీడింకా మనవాడే అనుకుంది నోర్జిన్. అయినా పంపు ఇస్తానన్న మాట నోట్లోంచి రాలేదు.

వెళ్తూ వెళ్తూ యోందోన్ లారీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మొదటి మంచు పడేలోపు కబురు చెయ్యక్కా. మంచు పడ్డాక బావితో పనుండదు. వసంతందాకా ఆ ఇంజన్ని కూర్చోబెట్టి మేపలేను."

నోర్జిన్ ఆచారం ప్రకారం లారీ వెనక దారి మీద పాలు చిలకరించింది గానీ, కబురు చేస్తానని మాత్రం అనలేదు.

ఆ తర్వాత ఆకాశం నీలంగా, ఎండిపోయి, మబ్బు తునక లేకుండా ఉండిపోయింది. చేతి బావుల్లో బొక్కెన దింపితే ఇసుకే వచ్చేది. దూరపు ఊటకు మందను తోలుకుపోతే, పోయి రావడానికే పశువు ఒళ్ళు కరిగిపోయేది. అన్నిటికన్నా చూడలేనిది ఒంటెల అవస్థ. మనుషులు మరిచినా అవి మరవలేదు. సాయంత్రమయ్యేసరికి తమంతట తామే నడిచి ఎర్రబావి గది దగ్గరికి పోయి, తొట్లు ఉండిన చోట నేల మీద మూతులానించి నిలబడేవి. వాటికి పంపకం సంగతి ఎవరు చెబుతారు?

పగ్మా ఒకరోజు నిలదీసింది. ఇంజను ఆమె మొగుడి వాటాకు వచ్చింది. యోందోన్ అడిగిన వెంటనే ఇచ్చేసి, పిండి, చక్కెర పుచ్చుకుంది.

"ఏం నోర్జిన్ వదినా, ఇత్తడి నాకి బతుకుతావా? మా మేకలకి కూడా కాస్త నాకించు మరి."

"నేను మీలాగా చక్కెరకి అమ్ముకోలేదు."

"అమ్ముకున్నాం, నిజమే. అమ్ముకున్నందుకైనా నీళ్ళొచ్చేవి. నువ్వు దాచుకున్నందుకు అందరి నోట్లో మట్టి పడింది. చెరువు మీద అలిగినట్టుంది నీ వరస!"

నోర్జిన్‌కు ఒళ్ళు మండిపోయింది. "నా ప్రాణం పోయినా వాడికివ్వను, పో! చెప్పుకో!" అంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అందులోనూ చెప్పుకోమని చెప్పింది పగ్మాకు.

ఆ సాయంత్రం సెవ్జిద్ పిడకలు పొయ్యిలో వేస్తూ, తల్లి ముఖం చూడకుండానే అంది.

"అమ్మా, ఇచ్చెయ్యవే. మామయ్య ధర అడిగితే అడిగాడు. ధర కట్టిన నీళ్ళయినా నీళ్ళేగా?"

"అమ్మేస్తే?"

"అమ్మేస్తే అప్పుడేడుద్దాం. ఇప్పుడు మాత్రం ఏడవట్లేదా?"

నోర్జిన్ మంచం కిందికి చూసింది. తను కాపాడుతున్నది నీళ్ళనా, ఆచారాన్నా, లేక తమ్ముడు మారిపోయాడన్న తన కోపాన్నా? తనకే తెలియలేదు. సంఘం రోజులు గొప్పవని కూడా ఆమె అనలేదు. అప్పుడు ఒంటె పాలు పిదికింది తనైతే, లెక్క చూసుకున్నది ఇంకెవరో. కానీ అప్పుడు దాహమేస్తే బావికి పోయేవాళ్ళు, మనిషి దగ్గరికి కాదు. ఈ తేడాను ఎవరికైనా చెబుదామంటే ఆమెకు మాటలు కుదిరేవి కావు.

తెల్ల ఒంటె పడిపోయిన రోజున ఆ ఆలోచనలన్నీ ఎగిరిపోయాయి. మందకు ముందు నడిచే పెద్దది అది. బావి గది ముందు మోకాళ్ళ మీద కూలబడి, మెడ నేల మీద చాచేసింది. నోర్జిన్ దాని తల ఒళ్ళో పెట్టుకుని, గిన్నెడు బురద నీళ్ళు తాగిద్దామని చూస్తే నాలుక కదపలేదు. దాన్ని పుట్టినప్పుడు కంబళిలో చుట్టి పొయ్యి పక్కన పడుకోబెట్టింది తనే. నోర్జిన్ అక్కడే గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని లేచి, "సెవ్జిద్, పంపు కట్టు," అంది.

నీరసించిన పొట్టేలునొకదాన్ని కోసి, జబ్బ ఉడికించి గుడ్డలో చుట్టుకుంది. తగువు పడ్డ తమ్ముడింటికి ఉత్త చేతులతో పోకూడదు కదా. ఒంటెకు ఒక పక్క పంపు, ఇంకో పక్క సరితూగే రాయి కట్టి, తెల్లవారగానే బయల్దేరింది. దారి పొడుగునా వాడికి చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. ధర నీ ఇష్టం. దారిన పోయేవాడి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇంజను తిప్పు.

ఉప్పునేల మధ్యకు వచ్చేసరికి దక్షిణం వైపు దుమ్ము లేచింది. లారీ. దగ్గరికొచ్చి ఆగింది. యోందోన్ దిగలేదు, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"పంపు తెచ్చానురా," అంది నోర్జిన్. "ధర నీ ఇష్టం."

వాడు పంపు వంక చూశాడు, అక్క వంక చూశాడు. "నిన్న రావాల్సింది, అక్కా."

వాడొచ్చింది సరిహద్దు దారిలో అని ఆమెకు అప్పుడు తట్టింది. లారీ వెనక్కి పోయి చెక్క తలుపు మీద నుంచి తొంగి చూసింది. పిండి బస్తాలు, ఆపిల్ పెట్టెలు ఉన్నాయి. ఇంజను లేదు, గొట్టాలు లేవు. మూలన డీజిల్ డ్రమ్ము ఒకటి, దాని మీద చుట్ట చుట్టిన నల్లటి బెల్టు ఒకటి ఉన్నాయి. బెల్టు కొత్తది, కట్టిన కాగితం కూడా ఇంకా విప్పలేదు.

"ఇదేంటి?"

యోందోన్ ఇప్పుడు దిగాడు. "బావి బెల్టు. ఎండాకాలంలోనే తెప్పించాను. పాతదాన్ని వాడెవడో బూట్లకి కోసుకున్నాడుగా. డీజిల్ కూడా బావి కోసమే."

నోర్జిన్ ఆ బెల్టు మీద చెయ్యి వేసింది. చక్రం పక్కన చతికిలబడింది. తమ్ముడు ఇత్తడి కోసమే తిరుగుతున్నాడని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

"మంచు ఇంకా పడలేదు కదరా. మంచు పడేదాకా అన్నావు కదా."

"నీ ప్రాణం పోయినా ఇవ్వనన్నావంట. పగ్మా చెప్పింది."

"అన్నాను."

"నేను నమ్మేశాను. నువ్వు నన్ను నమ్మలేదు, ఆ మాట మాత్రం నేను నమ్మేశాను." వాడు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "నిన్న సరిహద్దులో అమ్మేశాను. ఉత్త ఇనుమక్కా. ఇనుముకి ధరే లేదు. కొనేవాళ్ళు నవ్వారు. దీనికుండే ఇత్తడి పంపు తెస్తే అప్పుడు మాట్లాడదామన్నారు."

ఆ మాట అంటూ వాడు మళ్ళీ పంపు వంక చూశాడు. చూశాడని తనకే సిగ్గేసి తల తిప్పుకున్నాడు.

నోర్జిన్‌కు కోపం వస్తుందేమో అనిపించింది, రాలేదు. మెల్లగా గుడ్డ విప్పి జబ్బ మాంసాన్ని లారీ ముందు రేకు మీద పెట్టింది. యోందోన్ అలవాటుగా కత్తి తీశాడు. తీసి, చుట్టూ చూశాడు. చుట్టూ ఉప్పునేల, ఒక ఒంటె, వాళ్ళిద్దరు.

"పంచడానికి మనిద్దరమేగా ఉన్నాం," అన్నాడు.

"ఇంకేం మిగిలిందిరా పంచడానికి? ఇంజను నువ్వు తిన్నావు, పంపు నేను తిన్నాను. డెబ్బైమందిదీ మనిద్దరమే తినేశాం."

యోందోన్ కళ్ళు ఎర్రబడ్డాయి. వాడు ఏడుస్తాడని నోర్జిన్‌కు తెలుసు, చిన్నప్పుడూ ఇలాగే గడ్డం వణికేది. వాడు టోపీ మళ్ళీ పెట్టుకుని అన్నాడు.

"ఉత్తరాన కొండల్లో మంచు పడిందంట. విడిది వదిలెయ్యక్కా. నడవలేని పశువుల్నీ, గుడారాన్నీ నేనెక్కించుకుంటాను. మిగతావాటిని సెవ్జిద్ వెనకాల తోలుకొస్తుంది. ఊరికే తీసుకెళ్తాను. నీ దగ్గర నేనేం తీసుకుంటాను?"

"మరి పగ్మా వాళ్ళు?"

"వాళ్ళయితే..." అని ఆగాడు. ఆ తర్వాతి మాట ధరేనని ఆమెకు తెలుసు. వాడికీ తెలిసింది. అందుకే మింగేశాడు.

నోర్జిన్ వాడి చేతిలోని కత్తి తీసుకుంది. జబ్బ మాంసాన్ని కోయడం మొదలుపెట్టింది. ఒక ముక్క రేకు మీద పెట్టి, "ఇది గొంచిగ్ తాతది," అంది. ఇంకొకటి పెట్టి, "ఇది పగ్మాది, ఇది వాళ్ళాయనది," అంది. బూట్లు కుట్టించుకున్నవాడిది, రేకులవాళ్ళది, తొట్లవాళ్ళది, సెవ్జిద్‌ది, ఒక్కొక్క పేరే చెబుతూ పోయింది. ముక్కలు పలచబడుతూ వచ్చాయి. చివరికి ఎముక మీద పోగులాంటి మాంసం మిగిలింది. దాన్ని సగం చేసి ఒకటి తమ్ముడి చేతిలో పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకుంది.

"వీళ్ళందర్నీ ఎక్కించుకుంటే నేనూ ఎక్కుతాను. లేకపోతే నా దారి నాది."

యోందోన్ మాంసం నోట్లో వేసుకోకుండా లారీ వెనక్కి నడిచాడు. బెల్టు పక్కకు జరిపి డ్రమ్మును వేళ్ళతో కొట్టి విన్నాడు, పైనుంచి కిందిదాకా. తిరిగొచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"డీజిల్ చాలదక్కా. అందర్నీ ఎక్కిస్తే కొండలదాకా చేరం."

"తెలుసురా," అంది నోర్జిన్, ముక్కలన్నీ ఏరి గుడ్డలో మూట కడుతూ. "చాలినంత దూరం పోదాం."